డిస్కు పెట్టే ప్లేస్టేషనా, డిస్కు లేనిదా? తిరుపతి ఇళ్లకు ఏది మేలు

సోనీ వాళ్ల వీడియో గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 5 కొనబోయేవాళ్లకు షాపులో మొదట తగిలే చిక్కు ఇదే. ఒకదాంట్లో డిస్కు పెట్టుకోవచ్చు, ఇంకోటి పూర్తిగా డౌన్‌లోడ్ మీదే నడుస్తుంది. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడు మొదటిది 49,990 రూపాయలు, రెండోది 39,990. తర్వాత రెండింటి ధరలూ పెరిగాయి. "లోపల సరుకంతా ఒకటే కదన్నా, ఎక్కువ డబ్బు ఊరికే ఎందుకు పెట్టాల?" అని మా వీధి పిల్లకాయలు అడుగుతుంటారు. సరుకు ఒకటే, నిజమే. అయినా నేను డిస్కు ఉన్నదే తీసుకోమంటాను. చవకది చూసి మొగ్గినవాళ్లు దెబ్బతిన్న కథ ఒకటి ఈ డిస్కుల లోకంలోనే ఉంది. ముందు అది చెబుతాను.

2006లో హెచ్‌డీ సినిమాల కోసం రెండు రకాల డిస్కులు ఒకదాని మీద ఒకటి పోటీకి దిగాయి. తోషిబా వైపు హెచ్‌డీ డీవీడీ, సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్ వగైరాల వైపు బ్లూ-రే. రెండింట్లోనూ వాడింది 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరే. తేడా అంతా డిస్కు తయారీలో ఉంది. హెచ్‌డీ డీవీడీలో సమాచారం ఉండే పొర ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోపల, అంటే మామూలు డీవీడీలో ఉన్నంత లోతులోనే ఉంటుంది. అందుకే పాత డీవీడీ ఫ్యాక్టరీల్లోనే కొద్దిపాటి మార్పులతో తయారు చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. బ్లూ-రేలో ఆ పొర 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది. దానికి కొత్త యంత్రాలు కావాలి, ఖర్చు ఎక్కువ. కానీ ఒక్కో పొరలో 25 జీబీ పడుతుంది. హెచ్‌డీ డీవీడీలో పట్టేది 15 జీబీయే.

ధరలో తోషిబాదే పైచేయి. 2007 నవంబర్‌లో అమెరికాలో వాల్‌మార్ట్ ఒక హెచ్‌డీ డీవీడీ ప్లేయర్‌ను 98 డాలర్లకే అమ్మేసింది. అంతకు ఏడాది ముందు వచ్చిన ప్లేస్టేషన్ 3 పెద్ద మోడల్ ధర 599 డాలర్లు. మరి ఎవరు గెలిచారు? 2008 జనవరి 4న వార్నర్ అనే హాలీవుడ్ సినిమా సంస్థ ఇకపై బ్లూ-రేలోనే సినిమాలు వేస్తామని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. ఆటల కోసం ప్లేస్టేషన్ 3 కొన్న ప్రతి ఇంట్లోకీ బ్లూ-రే ప్లేయర్ తనంతట తానే వచ్చి కూర్చుంది. దానికి పోటీగా మైక్రోసాఫ్ట్ అమ్మిన ఎక్స్‌బాక్స్ 360 కొన్నవాళ్లు హెచ్‌డీ డీవీడీ చూడాలంటే 199 డాలర్లు పెట్టి ఇంకో డ్రైవ్ కొని పక్కన తగిలించుకోవాలి. ఆ డ్రైవ్ సినిమాలకే తప్ప ఆటలకు పనికొచ్చేది కాదు. ఎక్స్‌బాక్స్ ఆటలు డీవీడీలోనే సర్దుకోవాల్సి వచ్చింది. ఫైనల్ ఫాంటసీ 13 అనే ఆట ప్లేస్టేషన్‌కు ఒక్క డిస్కులో వస్తే, ఎక్స్‌బాక్స్‌కు 3 డిస్కుల్లో వచ్చింది.

ఈ గొడవంతా మన తిరుపతి దాకా వచ్చిందా అంటే, రాలేదు. అప్పటికి మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీలు. వాటి మీద బ్లూ-రే వేసినా డీవీడీ వేసినా కనిపించే తేడా తక్కువే. మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్ముతున్న రోజులవి. ఇంటర్వెల్ దగ్గర లేచి వీసీడీ మార్చడం మనకు అలవాటే. 2007లో ప్లేస్టేషన్ 3 మన దేశంలో 39,990 రూపాయలు. ఆ డబ్బుతో ఇంట్లోకి ఎన్ని వస్తాయో అమ్మానాన్నలు లెక్కగట్టి చెప్పేవాళ్లు. అందుకే ఇక్కడ చాలాకాలం ప్లేస్టేషన్ 2దే రాజ్యం. సినిమాల సంగతికొస్తే డీవీడీ తర్వాత జనం నేరుగా పెన్ డ్రైవ్‌కు వెళ్లిపోయారు. మధ్యలో బ్లూ-రే అనే మెట్టు మన ఊళ్లో చాలామంది ఎక్కనే లేదు.

ఇక ఇప్పటి బేరానికి వద్దాం. అసలు లెక్క ఆటల ధరల్లో ఉంది. సోనీ పెద్ద ఆటలు కొత్తవి 4,999 దాకా ఉంటున్నాయి. డిస్కు కొని ఆడేశాక మూడు వేలకు అమ్ముకున్నారనుకోండి, నాలుగు ఆటలకు పన్నెండు వేలు వెనక్కి వస్తాయి. మెషిన్ మీద ఎక్కువ పెట్టిన డబ్బు అక్కడే తీరిపోతుంది. అమ్మకపోయినా కొర్లగుంటలో ఉండే స్నేహితుడికి ఇచ్చి, వాడి దగ్గరున్నది తెచ్చుకోవచ్చు. డౌన్‌లోడ్ ఆటకు ఆ దారి లేదు. అది మీ అకౌంటుకు అతుక్కుని ఉంటుంది. సేల్ పెట్టినప్పుడు సోనీ ఆన్‌లైన్ స్టోర్‌లో ధరలు బాగా దిగుతాయి, కాదనను. కానీ ఆ దిగేది ఎప్పుడో స్టోర్ వాడి ఇష్టం. ఇంకో సంగతి, ప్లేస్టేషన్ 4 డిస్కులు ప్లేస్టేషన్ 5లోనూ ఆడతాయి. ఇంట్లో పాత డిస్కులున్నవాళ్లు డిస్కు స్లాటు లేనిది కొంటే వాటన్నిటినీ అటక మీద పెట్టుకోవాల్సిందే.

నెట్ సంగతి కూడా చూసుకోవాలి. పెద్ద ఆట ఒకటి 100 జీబీ ఉంటుంది. 40 ఎంబీపీఎస్ లైను నిలకడగా వస్తే ఐదున్నర గంటలు, 15 ఎంబీపీఎస్ అయితే దాదాపు పదిహేను గంటలు పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీతో మొదలుపెడితే యాభై రోజులు! డిస్కు పెట్టినా ఆట లోపలికి కాపీ కావాలి, అప్‌డేట్లు నెట్ మీదే రావాలి, ఆ మాట దాచను. కానీ అసలు బరువు డిస్కులోంచి వస్తుంది. పైగా 825 జీబీ అని రాసి ఉన్న మొదటి మోడల్‌లో వాడుకోవడానికి మిగిలేది 667 జీబీ. ఆరు పెద్ద ఆటలకు నిండిపోతుంది. ఒకటి తీసేసి మళ్లీ ఎప్పుడో వేసుకోవాలంటే డిస్కు చేతిలో ఉన్నవాడికి టెన్షన్ తక్కువ.

డౌన్‌లోడ్ స్టోర్ ఎల్లకాలం ఉంటుందని కూడా అనుకోవద్దు. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్‌ను మైక్రోసాఫ్ట్ 2024 జులై 29న మూసేసింది. అంతకుముందు కొనుక్కున్నవి మళ్లీ దించుకోవచ్చు గానీ, కొత్తగా అక్కడ ఏదీ కొనలేరు. 360 డిస్కు మాత్రం ఈరోజు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఆడుతుంది. సోనీ కూడా 2021లో ప్లేస్టేషన్ 3 స్టోర్ మూసేస్తామని చెప్పి, జనం గోల పెట్టాక వెనక్కి తగ్గింది.

అమెరికాలో అబ్బాయో అల్లుడో ఉన్న ఇళ్లు మన తిరుపతిలో కొల్లలు. వాళ్లకు ఒక మాట. ప్లేస్టేషన్ 5 ఆట డిస్కులకు ప్రాంతం అడ్డు లేదు, అక్కడ కొన్నది ఇక్కడ ఆడుతుంది. అయితే ఆ ఆటకు తర్వాత విడిగా కొనే అదనపు భాగాలు ఆ డిస్కు ప్రాంతపు అకౌంటు మీదే కొనాలి. సినిమా డిస్కులతో జాగ్రత్త. మామూలు బ్లూ-రే సినిమాలకు అమెరికాది 'ఏ' (A) అనే ప్రాంతం, మనది 'సీ' (C). అక్కడి సినిమా ఇక్కడి మెషిన్‌లో ఆడకపోవచ్చు. ఇంకా స్పష్టంగా ఉండే 4కే బ్లూ-రే డిస్కులకు ఈ బాధ లేదు.

సినిమాల కోసమే డిస్కు మోడల్ కొనాలా అంటే, నా మటుకు అక్కర్లేదు. 4కే డిస్కులో బొమ్మ సమాచారం సెకనుకు వంద మెగాబిట్ల దాకా వస్తుంది. ఓటీటీలో అది చాలా తక్కువ. పెద్ద టీవీ, మంచి స్పీకర్లు ఉంటే తేడా తెలుస్తుంది. కానీ కొత్త తెలుగు సినిమా డిస్కుగా రావడమే అరుదైపోయింది. శాంసంగ్ 2019లోనే అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూ-రే ప్లేయర్ మోడళ్లు తేవడం మానుకుంది.

ఎక్స్‌బాక్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. సిరీస్ ఎస్ చవకే, కానీ స్లాటు లేదు, 512 జీబీలో చేతికొచ్చేది 364. నెలనెలా డబ్బు కట్టి గేమ్ పాస్ మీద ఆడేవాళ్లకు బాగుంటుంది. కట్టడం ఆపితే ఆటలూ ఆగిపోతాయి. డిస్కు ఉన్న సిరీస్ ఎక్స్ మంచి మెషినే గానీ, దాని డిస్కులు మార్చుకోవడానికి మన ఊళ్లో మనుషులు దొరకడం కష్టం. ఫుట్‌బాల్ ఆట ఒక్కటో, ఉచితంగా దొరికే ఆన్‌లైన్ ఆటలో తప్ప వేరేవి ముట్టనివాళ్లు, ఇంట్లో గట్టి ఫైబర్ ఉన్నవాళ్లు డిస్కు లేని ప్లేస్టేషన్ 5 తీసుకోవచ్చు, ఆ మేరకు డబ్బు మిగులుతుంది. ప్లేస్టేషన్ 5లో 2023లో వచ్చిన సన్నటి మోడల్‌కు డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చు. మొదటిసారి తగిలించినప్పుడు నెట్ ఉండాలి. ఆ డ్రైవ్ విడిగా దొరుకుతుందో లేదో షాపులో ముందే అడగండి.

పాత డిస్కు కొనేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూడండి. నడిమధ్య నుంచి అంచు వైపు గీత ఉంటే చాలాసార్లు ఏం కాదు, మెషిన్ సర్దుకుంటుంది. ట్రాక్ వెంట గుండ్రంగా పోయిన గీత అయితే వద్దనండి. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడవాలి, గుండ్రంగా తిప్పొద్దు. ఈ ఆట డిస్కులూ బ్లూ-రేలే. బ్లూ-రేలో పొర పైపైనే ఉంటుంది కాబట్టి దాని మీద గట్టి పూత వేస్తారు. అందుకే డీవీడీ కంటే సులువుగా గీతలు పడవు. కానీ ఆ పూత దాటి లోతుగా చెక్కుకుపోయిందంటే పేస్టు రుద్దినా లాభం ఉండదు, డబ్బు ఇచ్చేముందే మెషిన్‌లో పెట్టి చూపించమనండి.