పాత స్కార్పియోకి బరువైన ట్రైలర్: బాగుచేయించాలా, బండి మార్చాలా, ట్రాక్టర్‌కి వదిలేయాలా?

పదిహేనేళ్లు దాటిన స్కార్పియోలు, సఫారీలు, బొలేరోలు మన గోదావరి డెల్టాలో ఇంకా బాగానే తిరుగుతున్నాయి. పెళ్లికీ అవే, రొయ్యల చెరువు మీదికీ అవే. వెనకాల ఒక హుక్కు వేయించి, నాలుగు ఏరియేటర్లో (చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రాలు), పది పాతిక మేత బస్తాలో పట్టే రెండు చక్రాల ట్రైలర్ తగిలించుకుంటే చిన్న రైతుకి చాలా పని జరిగిపోతుంది. చెరువులు పెరిగి జనరేటర్‌ని కూడా ఒకచోటు నుంచి ఇంకోచోటుకి లాక్కెళ్లాలనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. పైన డబ్బా కట్టిన 25 కేవీఏ జనరేటర్ ఒక్కటే టన్నుకి దగ్గరగా తూగుతుంది. ట్రైలర్ సొంత బరువు, డీజిల్, కేబుళ్లు కలిపితే పదమూడు, పద్నాలుగు వందల కిలోలు. నిన్నటిదాకా ఆరేడు వందల కిలోలు లాగిన బండి మీద ఒక్కసారిగా రెట్టింపు పడుతుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర 2009 మోడల్ స్కార్పియో ఉంది. వాడు అడిగిన మొదటి మాట, "అన్నయ్యా, ఇంజన్ ట్యూనింగ్ చేయిస్తే సరిపోద్దా?" చాలామంది అడిగేది ఇదే. మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ మాత్రం ఇంజన్ వైపు చూడనేలేదు. "లాగుద్దండీ, దానికేం ఢోకా లేదు. ఆపడం మాట చెప్పండి ముందు" అన్నాడు. నా అభిప్రాయమూ అదే. అందుకే ఇంజన్ సంగతి ముందుగా తేల్చి పక్కన పెట్టేస్తాను.

ఆ స్కార్పియోలో ఉన్నది 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజన్. 120 హార్స్ పవర్, 290 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా నేల బల్లపరుపు. ఎక్కాల్సినవల్లా చించినాడ, సిద్ధాంతం లాంటి వంతెనల అప్రోచ్‌లు, కాలవ గట్ల ఎక్కుళ్లు. 1,400 కిలోలని ఈ నేల మీద గంటకి 50 కిలోమీటర్లతో లాగడానికి ఆ ఇంజన్ చాలు. ట్యూనింగ్ చేయిస్తే టర్బో మీద, క్లచ్ మీద, రేడియేటర్ మీద భారం పెరుగుతుంది. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌కి అది మేలు చేయదు. ఆ డబ్బు ఇంకోచోట కావాలి. పాత 2.5 లీటర్ల బొలేరో కథ వేరు. దాని కమాను పట్టీలు బరువు ఓర్చుకుంటాయి గానీ ఇంజన్ 63 హార్స్ పవరే. దానికి పెద్ద ట్రైలర్ తగిలించొద్దు. ఎక్స్‌యూవీ 500 లాంటి వాటికి అడుగున విడిగా చాసీ (బండిని మోసే ఇనుప చట్రం) ఉండదు, బాడీయే చాసీ. హుక్కుకి గట్టి ఆధారం దొరకని అలాంటి బండిని కూడా ఈ పనికి లెక్కలోకి తీసుకోను.

ఇక ఆపడం. వెనకున్న బరువు రెట్టింపయితే బ్రేకులు మింగాల్సిన శక్తిలో ట్రైలర్ వాటా కూడా రెట్టింపవుతుంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే మొత్తం శక్తి రెండుంపావు రెట్లవుతుంది. వంతెన దిగుతుంటే ముందు ఆటో ఆగింది, మీరు బ్రేకు తొక్కారు. ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే ఆ 1,400 కిలోలు బండిని వెనకనుంచి తోస్తాయి. రోడ్డు తడిగా ఉండి, హ్యాండిల్ కాస్త తిరిగి ఉంటే బండి తోక పక్కకి జరుగుతుంది. అక్కడ పక్కన ఉండేది కాలవ. యూరప్ దేశాల్లో ట్రైలర్ నిండు బరువు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు తప్పనిసరి. ఆ లోపు కూడా లాగే బండి బరువులో సగం మించకూడదు. మన ఊళ్లో ఎవరూ అడగకపోయినా నేను ఈ గీతనే పట్టుకుంటాను.

ట్రైలర్ బ్రేకులు ప్రధానంగా రెండు రకాలు. ఓవర్‌రన్ బ్రేకులో ముందు బండి వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకి నెట్టుకొస్తుంది. ఆ నెట్టుడికే హిచ్ (బండికీ ట్రైలర్‌కీ కలిపే కొక్కెం) దగ్గరున్న రాడ్డు లోపలికి నొక్కుకుని ట్రైలర్ చక్రాలకి బ్రేకు పడుతుంది. వైరింగ్ అక్కర్లేదు. రెండోది ఎలక్ట్రిక్ బ్రేకు. డ్రైవర్ పక్కన చిన్న కంట్రోలర్ ఉంటుంది, ఎంత బ్రేకు కావాలో దాంతో సర్దుకోవచ్చు. నున్నటి హైవే మీద ఎలక్ట్రిక్‌దే పైచేయి. కానీ ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే ట్రైలర్‌కి నేను ఓవర్‌రన్‌కే ఓటేస్తాను. ఉప్పు బురదలో వైర్ల కొసలు, ఎలక్ట్రిక్ బ్రేకులోని అయస్కాంతాల కనెక్షన్లు తొందరగా పాడవుతాయి. ఓవర్‌రన్‌కీ ఒక ఇబ్బంది ఉంది. రివర్స్ చేసేటప్పుడు కూడా రాడ్డు నొక్కుకుని బ్రేకు పట్టేస్తుంది. గట్ల మీద తిప్పుకునే చోటు లేక వెనక్కే రావాలి కాబట్టి, రివర్స్‌లో బ్రేకుని వదిలేసే ఏర్పాటు ఉన్నది చూసి తీసుకోవాలి. బండి బ్రేకుల్నీ వదలొద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్న ఆయిల్ వేడికి తొందరగా మరిగి పెడల్ మెత్తబడుతుంది. మన ఉక్కపోత గాలిలో రెండేళ్లకోసారైనా మార్పించడం నయం.

బ్రేకుల కంటే ముందు చూడాల్సినది ఒకటుంది, చాసీ. పాత బండి బాగుచేయించాలా వద్దా అన్నది నిజానికి ఇక్కడే తేలిపోతుంది. నరసాపురం, అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలి, రొయ్యల చెరువుల ఉప్పు బురద కలిసి అడుగునుంచి తినేస్తాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి వెనక చక్రాల పైనున్న చాసీ పట్టాలని, స్ప్రింగులు కూర్చునే చోట్లని చిన్న సుత్తితో కొట్టించండి. ఖంగుమంటే ఫరవాలేదు. మొద్దుగా పలికినా, పెచ్చులు రాలినా ఆ బండికి పెద్ద ట్రైలర్ ఆలోచన అక్కడితో మానేయాలి. తుప్పు మీద పట్టీ వేసి వెల్డింగ్ చేసి ఇస్తామనేవాళ్లు దొరుకుతారు. హుక్కు బరువంతా లాగేది ఆ అతుకునే అయినప్పుడు దాన్ని నమ్మలేం.

చాసీ గట్టిగా ఉంటే హుక్కు మాట. బంపర్‌కి వెల్డింగ్ చేసిన హుక్కు చిన్న ట్రైలర్‌కి ఎలాగో నెట్టుకొచ్చింది. పెద్దదానికి చాసీ రెండు పట్టాలకీ బోల్టులతో బిగించిన అడ్డకడ్డీ, దాని మీద బాల్ హిచ్ ఉండాలి. రెండు సేఫ్టీ గొలుసులు అడ్డంగా, కత్తెరలా వేయాలి. హిచ్ ఊడినా ట్రైలర్ ముక్కు నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసులు ఆపుతాయి.

ఎవరూ కొలవనిది ముక్కు మీద పడే బరువు. మొత్తంలో పదోవంతుకి అటూ ఇటూ హిచ్ మీద పడాలి. 1,400 కిలోలకి 140 కిలోలన్నమాట. జనరేటర్‌ని ఇరుసుకి వెనక్కి జరిపి పెడితే ముక్కు తేలిపోయి, యాభై దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. మరీ ముందుకి పెడితే బండి వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలికబడతాయి. కొలవడం సులువు. రొయ్యలు తూచే ప్లాట్‌ఫాం కాటాని ముక్కు కింద పెట్టి చూడండి. మొత్తం బరువుకి రైస్ మిల్లు వేబ్రిడ్జి ఉండనే ఉంది. దారిలో ఊపు మొదలైతే స్టీరింగ్‌తో సరిచేయబోవద్దు, బ్రేకూ గట్టిగా తొక్కొద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేస్తే ఊపు అదే తగ్గుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె అది మోయగల బరువు. 100 అంటే 800 కిలోలు, 108 అంటే వెయ్యి. బురదకని పెద్ద సైజు టైర్లు వేయించినవాళ్లు ఉంటారు. టైరు పెద్దదైనకొద్దీ లాగే బలం తగ్గుతుంది, క్లచ్ అరుగుతుంది. ట్రైలర్ లాగాలంటే కంపెనీ సైజుకే రండి. వెనక అదనపు స్ప్రింగులు వేయిస్తే కుంగిన తోక లేస్తుంది గానీ ఇరుసు మోయగల బరువు ఒక్క కిలో కూడా పెరగదు. రేడియేటర్ రెక్కల్లో చేరిన దుమ్ము, మట్టి కడిగించాలి, ఫ్యాన్ సరిగ్గా పట్టుకుంటోందో చూడాలి. రోహిణి కార్తెలో బరువు లాగుతూ టెంపరేచర్ ముల్లు పైకి పోయిందంటే తర్వాత హెడ్ గాస్కెట్ ఖర్చే.

ఇన్ని చేయించే బదులు బండే మార్చేస్తే? అంకెలు చూస్తే కొత్త స్కార్పియో క్లాసిక్ ఇంజన్ 132 పీఎస్, 300 న్యూటన్ మీటర్లు. 2009 బండికీ దానికీ టార్క్‌లో తేడా పదే. అంటే లాగే బలం కోసమైతే మార్చడంలో అర్థం లేదు. మార్చడానికి గట్టి కారణాలు తుప్పు లేని చాసీ, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అలసిపోని బ్రేకులు. 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి వాడిన బండి కొన్నా ఆ తర్వాతి మోడల్ అయితే మంచిది. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌ని నేను ఇంకాస్త ఇష్టపడతాను. గట్టి చాసీ, ఫోర్ వీల్ డ్రైవ్, లో గేరు ఉన్నాయి. తడి గట్టు మీంచి బరువుతో పైకి రావాలంటే లో గేరు క్లచ్‌ని కాపాడినట్టు ఇంకేదీ కాపాడదు. కానీ ఒక్క జనరేటర్ కోసం అంత డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను. ఇంటికి ఎలాగూ కొత్త బండి కావాలనుకుంటుంటేనే ఈ దారి.

మేత బస్తాలూ, సరంజామా రోజూ తిరగాల్సినవాళ్లకి ట్రైలర్ కంటే పికప్ మేలు. 1.7 టన్నులు మోసే బొలేరో పికప్‌లో బరువంతా బండి మీదే, బండి బ్రేకుల మీదే ఉంటుంది. రివర్స్ తేలిక. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కించేటప్పుడు ట్రైలర్‌తో పడే అవస్థ ఉండదు. ర్యాంపు మెట్ట దగ్గర హిచ్ కింద తగలడం, వెనక కొస ఈడ్చుకోవడం చూసినవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. జనరేటర్‌ని ఎక్కించి దింపడానికి మాత్రం చైన్ బ్లాకో, హైడ్రా క్రేనో కావాలి. ట్రాన్స్‌పోర్ట్ వాహనం కాబట్టి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

ఇక ట్రాక్టర్. వర్షాకాలంలో నల్లమట్టి గట్టు మీద, పుంతల్లో పెద్ద ట్రైలర్‌తో ఏ ఎస్‌యూవీ అయినా దిగబడుతుంది. ట్రాక్టర్ వెనక చక్రాలు దాన్ని లెక్కచేయవు. ఐదారు కిలోమీటర్ల లోపు, పంటకి రెండు మూడు సార్లు కదిపే జనరేటర్ అయితే వేరే ఆలోచనే వద్దు, ఊళ్లో ట్రాక్టర్ బాడుగకి మాట్లాడుకోండి. పాలకొల్లు నుంచి కాకినాడ దాకా హైవే మీద వెళ్లాలంటే ట్రాక్టర్ పనికిరాదు. దాని వేగం తక్కువ, దాని వెనక తగిలించే ట్రక్కుకి సరైన లైట్లు, బ్రేకులు లేకపోతే రాత్రిపూట వెనకొచ్చేవాళ్లకి ప్రమాదం.

ఇక్కడ రొయ్యల రైతులకి ఇంకో మాట గట్టిగా చెప్పాలనుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. తుపానుకి కరెంటు పోతే మీ మూడు చెరువుల్లోనూ ఒకేసారి పోతుంది. ఒక్క పెద్ద జనరేటర్‌ని ట్రైలర్ మీద పెట్టుకుంటే ఒక చెరువు బతుకుతుంది, మిగతా రెండూ మీరు వచ్చేదాకా ఆగవు. ఆ వానలో, చీకట్లో, జారే గట్టు మీద 1,400 కిలోలు లాక్కుంటూ పరుగెత్తడం మనిషికీ ప్రమాదమే. బండి మీద పెట్టబోయే డబ్బుతో చెరువుకో చిన్న జనరేటర్ వస్తుందేమో ముందు లెక్క వేసుకోండి. చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ లెక్క కుదరక, లాగడం తప్పదనుకుంటే నా తీర్పు ఇది. చాసీ శుభ్రంగా ఉన్న స్కార్పియో, పాత సఫారీ అయితే టన్ను దాకా నిశ్చింతగా బాగుచేయించుకోవచ్చు. డబ్బు వేసే వరస ట్రైలర్ బ్రేకులు, హిచ్, బండి బ్రేకులు, టైర్లు, ఆ తర్వాతే మిగతావి. టన్ను నుంచి 1,400 దాకా పొడి రోడ్డు, పగటిపూట, యాభై లోపు వేగం అయితేనే. అది దాటితే పాత బండి మీద రూపాయి పెట్టొద్దు.

బాగుచేయించేవాళ్లు కాగితాల పని వదలకండి. ట్రైలర్‌కి సొంత రిజిస్ట్రేషన్ కావాలి. బీమా పాలసీలో దాన్ని విడిగా రాయించుకోవాలి, లేదంటే ఏదైనా జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అందుకే హిచ్ బిగించే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. ఆ గడువు ఆరేడు నెలల్లో ఉంటే ముందు అది పూర్తిచేసుకుని, బండి పాసయ్యాకే లేత్ షాపులో అడ్వాన్సు ఇవ్వండి.