కుక్కకు బీమానా, బ్యాంకులో ఆర్‌డీనా: ఏది మేలు?

చెన్నై పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి మా కుక్క జున్నుతో అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు. "మీ కుక్కకు ఇన్సూరెన్స్ ఉందట కదండీ, ఏ కంపెనీ? ఏడాదికి ఎంత?" మొన్న ఆదివారం అన్నానగర్ నుంచి మా వదిన ఫోన్ చేసింది. అదే ప్రశ్న, కాకపోతే పిల్లి గురించి. నలుగురికి నాలుగు ముక్కలుగా చెప్పిన జవాబు ఒకచోట రాసేస్తే నాకూ పని తగ్గుతుంది.

ఏ కంపెనీ అన్నది రెండో ప్రశ్న. మొదటిది మీ కుక్కనో పిల్లినో ఎప్పుడూ చూపించే వెటర్నరీ డాక్టర్‌ని అడగాలి: "మీ దగ్గర రాత్రికి ఉంచుకుంటారా?" నాకు ఈ ప్రశ్న విలువ తెలిసింది 11,600 రూపాయలు చేతి నుంచి పోయాక.

పోయిన ఏడాది ఆగస్టులో జున్ను రెండు రోజులు అన్నం ముట్టలేదు. పెరుగన్నం గిన్నె చప్పుడైతే మూడో గదిలోంచి పరిగెత్తుకొచ్చే కుక్క, మూతి పక్కకు తిప్పేసింది. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బ్లడ్ టెస్ట్ చేస్తే టిక్ ఫీవర్, పిడుదుల నుంచి వచ్చే ఎర్లిషియా. ప్లేట్‌లెట్లు 41,000. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు దాదాపు రెండు లక్షలైనా ఉండాలి. చెన్నైలో చలికాలం అనేది పేరుకే కాబట్టి పిడుదులకు ఏడాదంతా సీజనే. గోడ పగుళ్లలో, డోర్‌మ్యాట్ కింద నెలల తరబడి కాచుకుని ఉంటాయి.

డాక్టర్ ఐదు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు, ఆపైన 28 రోజులు డాక్సీసైక్లిన్ రాశాడు. "కాలైల కూట్టిట్టు వాంగ, సాయంగాలం కూట్టిట్టు పోంగ" అన్నాడు. పొద్దున తీసుకురండి, సాయంత్రం తీసుకెళ్లండి అని. రెండు స్టీలు టేబుళ్ల క్లినిక్ అది. రాత్రి తొమ్మిదికి కాంపౌండర్ షట్టర్ దించేసి వెళ్లిపోతాడు. ముంగాలికి కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, దాని మీద ఆకుపచ్చ క్రేప్ బ్యాండేజీ, అది నాకకుండా నా చేయి అడ్డం. అలా ఐదు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి ఆ టేబుల్ పక్కనే కూర్చున్నాను. జున్ను కోలుకుంది. క్లెయిమ్ మాత్రం కోలుకోలేదు. ఆసుపత్రిలో చేర్చలేదు కాబట్టి ఆ 11,600 ఇవ్వం అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. పాలసీ తీసి చూస్తే నిజమే. హాస్పిటలైజేషన్ అంటే వరుసగా 24 గంటలు లోపల ఉండటం అని రాసి ఉంది. ఐదు రోజుల్లో జున్ను ఏ రోజూ ఎనిమిది గంటలు దాటి లేదు.

మా మూడో అంతస్తు లాబ్రడార్ కథ చూడండి. మే నెలలో బంగినపల్లి టెంక మింగేసింది. టెంక పేగులో ఇరుక్కుంది. ఆపరేషన్ చేసి, వార్డు ఉన్న పెద్ద క్లినిక్‌లో మూడు రాత్రులు ఉంచారు. బిల్లు 48,000 అయితే, కో-పే (బిల్లులో మనమే భరించాల్సిన వాటా) 20 శాతం, మరికొన్ని చిల్లర కోతలు పోను 36,000 పైచిలుకు వాళ్ల ఖాతాలో పడింది. ఇద్దరి పాలసీలూ ఇంచుమించు ఒకే రకం. తేడా అల్లా జబ్బులోనూ, వైద్యం జరిగిన చోటులోనూ ఉంది.

నా లెక్కలో ప్రీమియం కన్నా, మొత్తం కవరేజీ కన్నా ఇదే అసలు సంగతి. మనుషుల ఆసుపత్రుల్లాగా మన వీధి వెట్ దగ్గర బెడ్లు ఉండవు. మన కుక్కలకు, పిల్లులకు తరచుగా వచ్చే జబ్బులు, అంటే వాంతులు, విరేచనాలు, టిక్ ఫీవర్, చర్మ రోగాలు, చెవి పోటు, వీటిలో చాలావాటికి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే వైద్యమే. హాస్పిటలైజేషన్ మీద నిలబడ్డ పాలసీ కొనుక్కుని ఆ వైద్యానికి డబ్బు వస్తుందనుకుంటే నాలాగే అవుతుంది. హాస్పిటలైజేషన్ అన్న మాటకు అర్థం పాలసీ పాలసీకీ మారుతుంది. ఏజెంట్ చెప్పింది వినకండి. పాలసీ షరతులన్నీ ఉండే వర్డింగ్స్ పీడీఎఫ్ తెప్పించుకుని డెఫినిషన్స్ పేజీ ఒక్కటి చదవండి. పది నిమిషాల పని.

ఇక మన ముందున్న దారులు.

ప్రభుత్వ కంపెనీల కుక్కల పాలసీలు పాతవే. న్యూ ఇండియా, ఓరియంటల్ దగ్గర ఉన్నాయి. పాడి గేదెల బీమా వరసలో వచ్చినవి కాబట్టి ప్రధానంగా కుక్క చనిపోతే డబ్బిస్తాయి. ఖరీదు పెట్టి కొన్న జాతి కుక్కకు, షోలకు తిప్పే కుక్కకు అర్థముంది. మా జున్ను మార్కెట్ విలువ ఎంతో ఆలోచించండి. పాండీ బజారులో చెప్పుల దుకాణం మెట్ల కింద వానలో తడుస్తూ దొరికిన కుక్క. దాన్ని పోగొట్టుకున్న రోజు నాకు డబ్బు చేతిలో పెడితే ఏం చేసుకోను? పైగా ఆ రోజు డాక్టర్ సర్టిఫికెట్ అనీ పోస్ట్‌మార్టమ్ అనీ తిరగాలి. నాకు పనికిరాదు, ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ప్రైవేటు కంపెనీలవి వేరు. బజాజ్ 2020లో కుక్కలకు పాలసీ తెచ్చింది, తర్వాత పిల్లులకూ ఇచ్చింది. హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో కూడా రెండింటికీ ఇస్తోంది. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చు ప్రధానం. మిగిలినవి, అంటే ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం), దొంగతనం లేదా తప్పిపోవడం, మన కుక్క ఎవరినైనా కరిస్తే కట్టాల్సిన పరిహారం లాంటివి, ప్లాన్‌ని బట్టి ఉంటాయి లేదా విడిగా చేర్చుకోవాలి. నాటు కుక్కలనూ తీసుకుంటున్నారు. కాకపోతే వయసు ఎక్కువైతే కొత్తగా తీసుకోరు, పెద్ద జాతులకైతే ఆ తలుపు ఇంకా ముందే మూసుకుంటుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్లు తుంటి ఎముక జబ్బు గురించి మినహాయింపుల జాబితాలో చూసుకోవాలి. పుట్టుకతో వచ్చేవీ, పాలసీకి ముందే ఉన్నవీ సాధారణంగా ఇవ్వరు. కార్డులో టీకా ముద్ర లేకుండా పార్వో వైరస్ జబ్బు వస్తే అడగడం కూడా దండగ.

ఓపీడీ చేర్చుకోవాలా వద్దా? నాకు వచ్చిన కొటేషన్‌తోనే చెబుతాను. ఓపీడీ పరిమితి ఏడాదికి 10,000. దానికోసం అదనంగా కట్టాల్సింది 3,800. కో-పే 20 శాతం. 10,000 బిల్లు అయితే చేతికొచ్చేది 8,000, అందులోంచి కట్టిన 3,800 తీసేస్తే మిగిలేది 4,200. పోయిన ఏడాది ఇది ఉండి ఉంటే నాకు లాభమే, కాదనను. కానీ ఏడాదికి రెండుసార్లు చెవి శుభ్రం చేయించుకుని, ఒకసారి కడుపు నొప్పికి వెళ్లే కుక్కకు కట్టిందే తిరిగి రాదు. ప్రతి 600 రూపాయల బిల్లుకూ ఫారం నింపి, ప్రిస్క్రిప్షన్ స్కాన్ చేసి పంపే ఓపిక మీకుందా అన్నది ఇంకో సంగతి. నాకు లేదు.

ఇన్సూరెన్సే వద్దు, ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కొంత వేసే రికరింగ్ డిపాజిట్) చాలు అంటాడు మా తమ్ముడు. నెలకు 600 వేస్తే ఏడాదికి 7,200, పైన వడ్డీ. మూడేళ్లు జబ్బు రాకపోతే డబ్బు మనదే. ఏ జబ్బుకైనా వాడుకోవచ్చు, రాత్రి ఉంచారా లేదా అని అడిగేవాడు ఉండడు. ఇందులో పస ఉంది. ముఖ్యంగా మా ఉత్తర చెన్నైవాళ్లకు. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఆటో దూరంలో ఉంది. 1903లో మొదలైన కాలేజీ. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, స్పెషలిస్టులు ఉంటారు. కాకపోతే పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడాలి. ఒక బెంచీ మీద మేక, దాని పక్కన పమేరియన్, ఆ పక్కన బుట్టలో కోడిపుంజు, మధ్యలో మనం. టైమున్నవాళ్లకు అది బీమా కన్నా పెద్ద ధైర్యం. నగరానికి దక్షిణాన ఉన్న షోళింగనల్లూరు నుంచి రాత్రి పదకొండింటికి రావాల్సినవాళ్లకు అంత ధైర్యం కాదు.

ఆర్‌డీతో చిక్కల్లా ఒకటే: టెంక మింగడానికి కుక్క మన ఆర్‌డీ మెచ్యూర్ అయ్యేదాకా ఆగదు. మూడో నెలలో 48,000 బిల్లు వస్తే ఖాతాలో ఉండేది 1,800.

పెద్ద పెట్ క్లినిక్‌లు అమ్మే ఏడాది మెంబర్‌షిప్‌లు కూడా ఉన్నాయి. కన్సల్టేషన్ ఉచితం, టీకాల మీద తగ్గింపు. అవి డిస్కౌంటు కార్డులు, బీమా కావు.

నేనేం చేశానంటే, ఓపీడీ లేకుండా ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చు ఇచ్చే పాలసీని రెన్యూ చేసుకుని, ఓపీడీకి అడిగిన 3,800కి ఇంకాస్త కలిపి ఆర్‌డీలో వేస్తున్నాను. చిన్న జబ్బు ఆర్‌డీది, పెద్ద జబ్బు కంపెనీది. మా వీధి డాక్టర్ చెయ్యి మంచిది, ఆయన్ని మార్చలేదు. కానీ వార్డు, రాత్రి డ్యూటీ డాక్టర్, డిశ్చార్జి సమ్మరీ మూడూ ఉన్న క్లినిక్ ఒకటి చూసిపెట్టుకుని, ఒకసారి జున్నును తీసుకెళ్లి ఫైల్ తెరిపించాను. బిల్లు మీద కుక్క పేరు, పాలసీలో పేరు ఒకటే ఉండాలి. మనం ఇంట్లో జున్ను అంటాం, టీకా కార్డులో ఎవరో జిమ్మీ అని రాసి ఉంటారు. ఇలాంటిదానికే క్లెయిమ్ నెల రోజులు ఆగుతుంది. చెన్నై కార్పొరేషన్ కుక్కలకు లైసెన్సు, మైక్రోచిప్ తప్పనిసరి చేసింది, లైసెన్సు లేకపోతే 5,000 జరిమానా. ఎలాగూ చిప్ వేయిస్తారు కాబట్టి ఆ 15 అంకెల నంబరే పాలసీలోనూ రాయించండి. ఫొటోలో ఏ గోధుమరంగు కుక్క అయినా ఒకేలా ఉంటుంది.

క్లెయిమ్ అన్యాయంగా కాదన్నారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, చెన్నైలోనే ఆఫీసు ఉంది. నేను వెళ్లలేదు. నా పాలసీలో 24 గంటలని స్పష్టంగా రాసి ఉంది, చదవనిది నేనే. అన్నట్టు, ఆరోగ్య బీమాకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు కింద ఈ ప్రీమియం చూపించొచ్చా అని మా ఆడిటర్‌ని అడిగాను. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల దాకానే అట. జున్ను ఏ కోవలోకీ రాడు.

వదిన పిల్లి దగ్గరకొస్తే లెక్క కొంచెం మారుతుంది. గడప దాటని పర్షియన్ మగపిల్లికి తప్పిపోవడం, ఎవరినో కరవడం లాంటి కవర్లు దండగ. దానికి రాగల పెద్ద ఖర్చులు రెండు. ఒకటి బాల్కనీ గ్రిల్ సందులోంచి జారి ఎముక విరగడం. రెండోది మూత్రం బిగుసుకుపోవడం. ఇది ఎక్కువగా మగపిల్లుల్లోనే వస్తుంది, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, ట్యూబ్ వేసి రెండు మూడు రోజులు ఉంచుకుంటారు. అంటే పిల్లికి రాత్రి ఉంచే వైద్యం అవసరమయ్యే అవకాశం ఎక్కువే, హాస్పిటలైజేషన్ పాలసీ మా జున్ను కన్నా దానికే బాగా అతుకుతుంది. అందుకే తీసుకోమన్నాను. తీరా ఫారం నింపుదామని కూర్చుంటే టీకా కార్డు అడిగారు. "ఇంట్లోంచి కదలని పిల్లికి టీకాలేంటి?" అని మూడేళ్లుగా వేయించనే లేదట. ఇప్పుడు మొదటి డోసు పడింది, రెండోది వచ్చే నెల. అప్పటిదాకా బాల్కనీకి వల కట్టించమని చెప్పాను. అన్నయ్య కొలతలు తీసుకున్నాడు.