నీలం లైటు కింద కొన్న రాస్ చేప, ఇంటికొచ్చాక వెలిసిపోయింది

బీసెంట్ రోడ్డులో చీర కొనేటప్పుడు మా ఆవిడ దాన్ని గుమ్మం దాకా తెచ్చి ఎండలో పెట్టి చూస్తే గానీ డబ్బులియ్యదు, నాకేమో 4,200 పెట్టి చేపని కొనేటప్పుడు ఆ మాత్రం బుర్ర పనిచెయ్యలేదు. విజయవాడలో అక్వేరియం కోసం సాల్ట్‌వాటర్ (సముద్రపు) చేపలు పెట్టే షాపులే తక్కువ, అందులో ఇదొకటి, పేరు రాయట్లేదు, ఎందుకంటే తప్పు సగం నాది.

కొన్నది సోలొరెన్సిస్ ఫెయిరీ రాస్, మగది, ఇండోనేషియా వైపు దొరికే చేప. షాపులో ట్యాంకుల మీద అన్నీ నీలం ఎల్ఈడీలే, ఆ వెలుతుర్లో తల నిప్పు కణికలాగా, ఒళ్ళేమో నవనవలాడే వంకాయలాగా మెరిసిపోతోంది. ఇంటికి తెచ్చి ట్యూబ్ లైట్ కింద వదిలితే మొదటి ఉతుక్కే రంగు దిగిన చీరలాగా ఉంది. మా ఆవిడైతే "ఏంటండీ, దీనికి జొరమా?" అంది. ఫోన్ చేస్తే ఓనర్ "స్ట్రెస్ సార్, వారంలో వచ్చేస్తుంది" అన్నాడు. నిజమే, వారానికి కొంచెం వచ్చింది, కానీ మూడు నెలలయ్యేసరికి మళ్ళీ పాలిపోయింది. మధ్యలో ఒకరోజు పొద్దున్నే చూస్తే రాయి సందులో ఏదో పల్చటి జిగురు కవర్లో చుట్టుకుని కదలకుండా పడుంది, పోయిందనుకుని నెట్ తెచ్చేలోపు దాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఫెయిరీ రాస్‌లు రాత్రి పడుకునేటప్పుడు జిగురుతో గూడు కట్టుకుంటాయట, ఇది కొన్నప్పుడే ఒక్క ముక్క చెప్పుంటే నా గుండె ఆగేంత పనయ్యేది కాదు.

షాపుకెళ్ళి గొడవ పడదామనుకున్నా, కానీ అక్కడ పనిచేసే కుర్రాడు ఓనర్ కంటే నయం, "ఒక్కటే ఉంచారా అన్నా? ఆడది లేకపోతే ఎవరికి చూపించుకుంటుంది?" అన్నాడు. ఈ ఫెయిరీ రాస్‌లు ముందు ఆడవిగా పెరిగి తర్వాత కొన్ని మగవిగా మారతాయి, మగదాని అసలు రంగంతా ఆడవాటి ముందు షో చెయ్యడానికీ పక్క మగవాడిని బెదిరించడానికే, ఒంటరిగా పెడితే నెమ్మదిగా డల్ అయిపోతుంది. 2014లో శాస్త్రవేత్తలు ఈ సోలొరెన్సిస్ మగవాటికే అద్దం పెట్టి చూశారు, ఒంటి మీద ఎర్రటి ఫ్లోరెసెన్స్ (నీలం లాంటి వెలుతురు పడితే చర్మం ఎర్రగా వెలగడం) కనపడకుండా చేస్తే అద్దంలో బొమ్మ మీదకి వెళ్ళడం తగ్గింది. అంటే షాపులో నీలం లైటు కింద నేను చూసిన ఎరుపు కూడా మరీ మోసం కాదు, ఆ చర్మం నిజంగానే అలా వెలుగుతుంది, కాకపోతే నా ట్యూబ్ లైట్‌కి అది కనపడదు. పైగా ఇదే జాతిలో ఒక్కో మగది ఒక్కో రంగులో ఉంటుంది, గూగుల్ ఫోటో పట్టుకుని పోల్చుకోవడం దండగ.

తిండి సంగతి కూడా ఆ కుర్రాడే చెప్పాడు. నేను డబ్బా పెల్లెట్లే వేస్తున్నా. రొయ్యలు ఉడికిస్తే ఎర్రబడతాయే, ఆ ఎరుపు అస్టాక్సాంథిన్ అనే పదార్థం, చేపలు దాన్ని సొంతంగా తయారుచేసుకోలేవు, తిండిలోనే రావాలి. ఇప్పుడు ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) పెడుతున్నా, అప్పుడప్పుడు మార్కెట్ రొయ్య సన్నగా తరిగి వేస్తున్నా, ఉప్పూ పసుపూ తగలకుండా.

ఆడదాన్ని ఇంకో 1,800 పెట్టి తెచ్చా, పాత చేప మీద ఒక్క రూపాయి తగ్గించలేదు, అక్కడ మాత్రం నాకు కాలింది. కానీ పది రోజులకి మగది రెక్కలన్నీ విప్పి ఆడదాని ముందు అడ్డంగా వంగి ఝామ్మని ఒక రౌండ్ కొట్టింది చూడండి, ఆ రెండు సెకన్లు తల మళ్ళీ కణికే, తర్వాత ఏమీ ఎరగనట్టు వెళ్ళి రాయి వెనక దాక్కుంది.

షాపు గురించి న్యాయంగా చెప్పాలంటే చేపలు హెల్దీ, తిండి తినడం చూపించాకే ఇస్తారు, సూర్యలంక నుంచి క్యాన్లలో సముద్రం నీళ్ళు తెచ్చుకుంటానంటే వద్దని తిట్టి ఆర్ఓ నీళ్ళలో సాల్ట్ కలపడం నేర్పించారు, రాస్‌లు ఎగిరి కింద పడతాయని మూతకి దోమల మెష్ కూడా వాళ్ళే కొలిచి కట్ చేసిచ్చారు. ప్యాకింగ్ సూపర్, బిల్లు మాత్రం అడిగితేనే. 5కి 3 ఇస్తున్నా.

మొన్న వెళ్ళినప్పుడు తెల్ల లైటు వెయ్యమంటే స్విచ్చే లేదు, కుర్రాడు నవ్వి ఫోన్ టార్చ్ కొట్టి చూపించాడు. సిక్స్‌లైన్ అని ఇంకో రకం రాస్ టార్చ్‌లో కూడా బ్రహ్మాండంగా ఉంది గానీ తేలేదు, అది ఒట్టి రౌడీ, మా జంటని బతకనివ్వదు.