5జీ ఫోనే, కానీ ఎన్28 లేదు: రొయ్యల గుంటల కాడ వాడినాక చెప్తున్నా

కెమెరా గురించి, డిస్‌ప్లే గురించి ఇక్కడ ఏం రాయను, వాటికి వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను రాసేది ఒక్క ఎన్28 బ్యాండ్ గురించి, అంటే 5జీ సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీల్లో ఒకటి. 2021లో కొన్న నా పాత ఫోన్‌లో అది లేదు, ఇప్పుడు ఏడాది దాటి వాడతా ఉన్న ఫోన్‌లో ఉంది. నాకు ఈ రెంటికీ తేడా అంటే అదే.

ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో, గుంటలేమో విడవలూరు దాటి సముద్రం వైపు. పాత ఫోన్ బాక్స్ మీద 5జీ అని పెద్దక్షరాలతో వేసుంటాది. మన దేశంలో 5జీ ఫోన్లు అమ్మడం 2020 ఫిబ్రవరిలోనే మొదలుపెట్టారు, కంపెనీలు ఆ ఫ్రీక్వెన్సీలు కొనుక్కునే స్పెక్ట్రమ్ వేలమేమో 2022 జులై 26న మొదలై ఆగస్టు 1న అయిపోయింది, సర్వీసు అక్టోబర్ 1న వచ్చింది. అంటే ఎవరు ఏ బ్యాండ్‌లో ఇస్తారో తేలకముందే మన చేత కొనిపించేశారు. నా ఫోన్‌లో కంపెనీ పెట్టింది ఎన్78 ఒక్కటే, అంటే 3500 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండ్.

2023 జనవరిలో నెల్లూరుకి జియో 5జీ వచ్చింది, తర్వాత ఫోన్‌కి అప్‌డేట్ కూడా వచ్చి 5జీ గుర్తు పడింది. ట్రంకు రోడ్డులో, మాగుంట లేఅవుట్‌లో స్పీడ్ చూసి నేను ఫోన్‌ని తెగ మెచ్చుకున్నా, కనపడినోళ్ళందరికీ చెప్పినా. టౌన్ వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే టౌన్ వరకే.

గుంటల కాడ ఆ ఫోన్ 4జీకి దిగిపోతాది, అదీ ఒక గీత. మోటర్ షెడ్డు లోపలికి పోతే ఆ గీత కూడా ఉండదు. దూరం గదా, ఇంతేలే అనుకుంటా ఉండేవాణ్ణి.

ఆ ఫోన్ వాడేటప్పుడే వేసవి పంటలో ఒక రాత్రి మబ్బు పట్టి ఉక్కపోత, తెల్లారుజామున కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగినాయి. ఆ టైమ్‌లోనే నీళ్ళలో ఆక్సిజన్ బాగా తక్కువుంటాది, జనరేటర్ ఎక్కించే లోపలే రొయ్య పైకి తేలి గట్టు వెంబడి తిరగతా ఉంది. రొయ్యలకి సలహా చెప్పే టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే మాట వినపడింది గానీ ఆయన, ముందు వీడియో పంపండి, ఈత ఎట్టా ఉందో, మొప్పలు ఏ రంగులో ఉన్నాయో చూడకుండా నేనేం చెప్పేది అన్నాడు. తీశా, పంపా, ఆ గుండ్రం తిరగతానే ఉంది. గట్టెక్కి చెయ్యి పైకెత్తి చూసినా, ఫ్లైట్ మోడ్ వేసి తీసినా, ఊహూఁ. మా కాపలా పిల్లోడు పక్కనే నిలబడి చూసి, అన్నా నా ఫోన్‌లో తీయమంటావా అన్నాడు. వాడిది నా ఫోన్ రేటులో సగం కూడా ఉండదు. షెడ్డు గుమ్మంలోనే నిలబడి పంపాడు, నిమిషం పట్టలా, ఆయన వెంటనే లైన్లోకొచ్చి పొద్దుటి మేత ఆపేయండి, ఏరియేటర్లన్నీ తిప్పండి, ఆక్సిజన్ టాబ్లెట్లు ఈ మోతాదులో చల్లండి అని వరసగా చెప్పాడు. కొంత రొయ్య పోయింది, పంట మాత్రం నిలబడింది. నిలబెట్టింది జనరేటరే, కాదనను, కానీ ఆ సలహా ఇంకో గంట లేటయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

తర్వాత తీరిగ్గా ఇద్దరి ఫోన్లలోనూ ఫోన్ ఏ బ్యాండ్ పట్టుకుందో చూపించే నెట్‌మాన్‌స్టర్ యాప్ వేసి చూశా. వాడి దాంట్లో 5జీ, బ్యాండ్ ఎన్28. ఇది 700 మెగాహెర్ట్జ్, ఆ వేలంలో జియో ఒక్కరే కొన్నది. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతాది, గోడలు దాటి లోపలికి వస్తాది. ఇంకో విషయం, టవర్‌కి పవర్ ఎక్కువ కాబట్టి అది పంపేది మన దాకా ఎట్టాగో చేరతాది, మన చేతిలో ఫోన్ పంపేది ఆడికి చేరడమే కష్టం, అందుకే వీడియో చూడడానికి కంటే పంపడానికి ఈ బ్యాండ్ ఎక్కువ పనికొస్తాది. మాలాంటోళ్ళకి కావాల్సింది పంపడమే.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే అప్‌డేట్‌లో వస్తాది ఆగండి అన్నారు. ఎట్టా వస్తాది? యాంటెన్నా, ఫిల్టర్లు లోపల ఆ బ్యాండ్‌కి తగ్గట్టు పెట్టుండాలి గదా. సాఫ్ట్‌వేర్‌తో తీసేది తాళం మాత్రమే, లేని బ్యాండ్‌ని అది తెచ్చిపెట్టదు. మూడేళ్ళ ముందే డబ్బు కట్టిన మనిషికి ఈ మాట నిజంగా చెప్పుంటే కోపం ఇంతుండేది కాదు.

కొత్త ఫోన్ మాత్రం ఎన్28 ఉందని చూసుకునే తీసుకున్నా. షెడ్డు లోపల కూడా 5జీ నిలబడతాది, వీడియో కాల్‌లో చెక్ ట్రే, అంటే మేత వేసి గుంటలో దించే పళ్ళెం చూపిస్తే అవతలాయన మేత మిగిలిందో లేదో చెప్పేస్తాడు. నాకు ఇంతకంటే సంతోషం ఇంకోటి లేదు. కానీ స్పీడ్ కోసం చూసేవాళ్ళు ఆశ తగ్గించుకోండి, 700లో ఉన్నది 10 మెగాహెర్ట్జ్ జతే, అంటే పంపడానికి 10, అందుకోడానికి 10, ఎన్78 స్పీడ్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువ, సాయంత్రం జనం ఎక్కువైతే ఇంకా తగ్గతాది. సిగ్నల్ అంచుల్లో అటూ ఇటూ మారేటప్పుడు బ్యాటరీ కూడా తింటాది.

మోడల్ పేరు కావాలనే రాయలా, ఒకే పేరుతో వేరే వేరే దేశాల్లో వేరే వేరే బ్యాండ్లతో అమ్ముతారు, కాబట్టి కంపెనీ సైట్‌లో ఇండియా పేజీలో 5జీ లిస్టు చూసుకోండి. బీఎస్ఎన్ఎల్ 4జీ కూడా 700లో ఇస్తా ఉంది, దానికి 4జీ లిస్టులో బీ28 వేరేగా ఉండాలి, రెండూ ఒకటి కాదు.

అందరూ మార్చాలని కాదు. మా బామ్మర్ది ఒంగోలు టౌన్‌లో ఉంటాడు, ఎయిర్‌టెల్ సిమ్, వాళ్ళకి 700 లేనే లేదు, ఎన్78 చాలు. పాత ఫోన్ వాడికే ఇచ్చేశా, ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు.