మా ల్యాబ్‌లో 263 గిగాహెర్ట్జ్ జైరోట్రాన్, రెండేళ్ళు వాడాక
400 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్ (అణువుల నిర్మాణం తెలుసుకునే మెషీన్) పక్కన ఈ జైరోట్రాన్‌ని, అంటే ఆ మెషీన్ సిగ్నల్ పెంచడానికి మైక్రోవేవ్‌లు పుట్టించే ట్యూబ్‌ని, పెట్టి రెండేళ్ళయింది, నాకైతే తెగ నచ్చింది. లోపల వేడి క్యాథోడ్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు మాగ్నెట్ ఫీల్డ్‌లో గిరగిరా తిరుగుతూ క్యావిటీలో (ట్యూబ్ లోపలి బోలు భాగం) కొంత ఎనర్జీని మైక్రోవేవ్‌కి ఇచ్చేస్తాయి, మిగతా ఎనర్జీతో ఆ ఎలక్ట్రాన్ బీమ్ చివరనున్న కలెక్టర్‌లో పడి దాన్ని వేడెక్కిస్తుంది కాబట్టి నీళ్ళ కూలింగ్ ఆగకూడదు. ఓసారి చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషీన్) ఫ్లో పడిపోతే ఇంటర్‌లాక్ (ఆటోమేటిక్ సేఫ్టీ కట్) వెంటనే బీమ్ ఆపేసింది, ట్యూబ్ బతికిపోయింది. శాంపిల్‌కి చేరే మైక్రోవేవ్ కొన్ని వాట్లే, కానీ రాడికల్ (జంటలేని ఎలక్ట్రాన్ ఉన్న పదార్థం) కలిపి 100 కెల్విన్ (దాదాపు మైనస్ 173 డిగ్రీల సెల్సియస్) దగ్గర ఉంచిన శాంపిల్ మీద అది పడగానే నాయిస్‌లో కలిసిపోయిన కార్బన్ సిగ్నల్ పీక్ స్క్రీన్ మీద నిటారుగా లేస్తుంది, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. రాత్రంతా పట్టే స్కాన్ టిఫిన్ తిని వచ్చేలోపు అయిపోతోంది. వార్మప్‌కి టైమ్ పడుతుంది, ముందే ఆన్ చేసుకోండి. రేటు గట్టిదే. సర్వీస్ ఇంజనీర్ రావడానికి మూడు వారాలు పట్టింది, అదొక్కటే నా కంప్లైంట్.