సన్నాయా, కీబోర్డా?

కూలికెళ్లే ఇంటి పిల్లాడికి పదేళ్లొచ్చాయి, చెవిలో శ్రుతి ఉంది. ఏం నేర్పించాలి? కోనసీమలో నన్ను తరచూ అడిగే మాట ఇది.

కీబోర్డు తొందరగా చేతికొస్తుంది. మీట నొక్కితే స్వరం సరిగ్గానే పలుకుతుంది. కొన్ని నెలలు కుదురుగా కూర్చుంటే ఆదివారం చర్చిలో పాటలకు వాయించేయొచ్చు, తర్వాత ఆర్కెస్ట్రాలో చోటూ దొరకొచ్చు. వాయిద్యం మాత్రం కొనాలి. చాలా ఇళ్లలో కథ అక్కడే ఆగిపోతుంది.

సన్నాయి అలా కాదు. మొదట్లో పీకని (కొసన ఊదే రెల్లు ముక్కని) నోట్లో తడుపుకుని ఎంత ఊదినా గాలీ కీచూ తప్ప ఏమీ రాదు. బుగ్గలు నొప్పెడతాయి, ఆ కీచు భరించలేక ఇంట్లోవాళ్లు చెరువుగట్టుకి పొమ్మంటారు. ఊపిరి కుదిరాక మాత్రం చూడాలి! తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఊగే ఆ ఊపు మామూలు కీబోర్డు మీద రమ్మన్నా రాదు. రాబడి ముహూర్తాలను బట్టి ఉంటుంది: మాఘంలో నిద్ర ఉండదు, ఆషాఢంలో పని ఉండదు. పైగా "అది ఫలానా కులంవాళ్ల పని" అనే ముద్రొకటి. షేక్ చినమౌలానా ముస్లిం. నాదస్వరంతోనే, అంటే మన సన్నాయితోనే, 1977లో పద్మశ్రీ అందుకున్నారు, అది గుర్తుచేస్తుంటాను.

ఊళ్లో వాయించే గురువు ఉంటే నా ఓటు సన్నాయికే. పాఠం రాకముందే మేళం వెంట శ్రుతిపెట్టె పట్టుకుని వెళ్లొచ్చు, పెళ్లి భోజనమూ దొరుకుతుంది. గురువు లేకపోతే కీబోర్డే. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ సంగీత పాఠశాల ఉంది గానీ, అమలాపురం నుంచి రోజూ బస్సు ఛార్జీ ఎవరు పెడతారు?