ఆదివారం బజారులో కోటు కొనవచ్చు, చొక్కా మాత్రం వద్దు

మగవాళ్ల పాత బట్టలు వెతికి కొని తొడుక్కోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా బీరువాలో ఉన్న కోట్లలో కొత్తగా కొన్నది ఒక్కటీ లేదు. చొక్కాల్లో పాతగా కొన్నది ఒక్కటీ లేదు. వాడగా వాడగా తేలిన లెక్క ఇది.

ఈ వేటకు బెంగళూరు అనువైన ఊరు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండటం వల్ల డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగుతుంది. వానాకాలం సాయంత్రాల్లోనూ చలి తగులుతుంది. కాబట్టి ఇక్కడ ఉన్ని కోటు పెళ్లికి మాత్రమే తీసే వేషం కాదు, ఆఫీసుకు వేసుకుని వెళ్లే బట్ట. ఇదే కోటు నెల్లూరులో ఉన్న మా బంధువులకు ఇస్తే దండం పెట్టి వెనక్కి ఇస్తారు.

నేను ఎక్కువగా తిరిగేది ఆదివారం బజారు. చిక్కపేట, కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్లలో ఎక్కడ దిగినా నడిచి వెళ్లవచ్చు. ఎస్.జె.పి. రోడ్డు చుట్టుపక్కల దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందే బజారు పరుచుకుంటుంది. డ్రిల్లింగ్ యంత్రాలు, పాత ఫోన్లు, ఆగిపోయిన గడియారాల మధ్య టార్పాలిన్ల మీద బట్టల కుప్పలు ఉంటాయి. అమ్మేవాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు. బేరం కన్నడంలో మొదలై తెలుగులో తెగడం మామూలే. చేతిలో టేపు ఉండాలి, జేబులో చిల్లర నోట్లు ఉండాలి. ట్రయల్ గది ఉండదు కాబట్టి పలుచని టీషర్టు మీద వెళితే అక్కడే కోటు తొడిగి చూసుకోవచ్చు. అద్దం లేకపోయినా ఫరవాలేదు. పక్కన నిలబడి చూసేవాళ్లు అడగకుండానే అభిప్రాయం చెబుతారు, అది చాలాసార్లు నిజమే అవుతుంది.

శుభ్రం చేసి హ్యాంగర్లకు తగిలించి అమ్మే పాత బట్టల దుకాణాలు కూడా ఊళ్లో ఉన్నాయి. అక్కడ వాసన ఉండదు, శ్రమ ఉండదు, ధర మాత్రం మూడు నాలుగు రెట్లు ఉంటుంది. తీరిక లేనివాళ్లకు అదే మంచిది. ఫోనులో కొనడం నాకు నచ్చలేదు. ఫొటోలో రంగు కనిపిస్తుంది కానీ భుజం కొలత కనిపించదు. అడిగితే 'ఎల్ సైజు సార్' అన్న జవాబు వస్తుంది. ఇక ఎగుమతి మిగులు సరుకు అని కమర్షియల్ స్ట్రీట్ వైపు అమ్మేది అసలు పాత బట్టే కాదు. ఈ ఊరి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఆర్డరుకు మించి తయారైనవీ, తనిఖీలో తప్పినవీ అలా బయటికి వస్తాయి. మెడ దగ్గర లేబుల్ సగానికి కోసి ఉంటే అది ఆ సరుకే. కొనవచ్చు, కానీ ఎందుకు తప్పిందో కనిపెట్టిన తర్వాతే డబ్బు ఇవ్వాలి. చాలాసార్లు ఒక చేయి ఇంకో చేతి కంటే అర అంగుళం పొడవు ఉంటుంది.

ఇక కోటు. దీని గురించి తీరికగా చెప్పాలి.

మొదట చూడవలసింది భుజం. పేరు, రంగు, ధర తర్వాత. చిక్కపేట సందులో ఉన్న దర్జీ నా పాత కోట్లన్నీ సరిచేస్తాడు. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి. మొదటి రోజే తేల్చి చెప్పాడు: "భుజం కుదిరితే పట్టుకు రండి సార్. కుదరకపోతే అక్కడే వదిలేసి రండి. నడుము నేను తగ్గిస్తాను, చేతులు తగ్గిస్తాను. భుజం విప్పితే కోటంతా విప్పినట్టే." చేతుల పొడవు తగ్గించడంలోనూ ఒక మెలిక ఉంది. మణికట్టు దగ్గర గుండీలు అలంకారానికి కుట్టినవైతే ఇబ్బంది లేదు. నిజంగా తెరుచుకునే కాజాలు ఉంటే అక్కడ కోయడానికి వీలు లేదు. చంక దగ్గర నుంచి విప్పి తగ్గించాలి, అందుకు కోటు ధర కంటే కూలి ఎక్కువ అవుతుంది.

తర్వాత లోపలి పొర. కోటు ఛాతీ నిలబడేలా గుడ్డకూ అస్తరుకూ మధ్య ఇంకో పొర వేస్తారు. మంచి కోటులో అది కాన్వాసు, దారంతో కుడతారు. చవక కోటులో జిగురుతో అంటిస్తారు. కింది కాజా దగ్గర పై గుడ్డను ఒక చేత్తో, అస్తరును ఇంకో చేత్తో పట్టి మెల్లగా లాగితే మధ్యలో మూడో పొర విడిగా కదులుతూ వేళ్లకు తగలాలి. తగలకపోతే అది జిగురు కోటు. కొత్తగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా తెలియదు. నాలుగైదు సార్లు డ్రై క్లీనింగ్‌కు వెళ్లిన తర్వాత వేడికీ రసాయనానికీ జిగురు అక్కడక్కడ వదిలి, ఛాతీ మీద అప్పడంలా బుడగలు లేస్తాయి. అవి ఇస్త్రీతో పోవు. పాత కోటు కొనడంలో ఉన్న గొప్ప సౌకర్యం ఇక్కడే ఉంది. లేవవలసిన బుడగలు ఈపాటికి లేచే ఉంటాయి. కోటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే చాలు. కొత్త కోటు ఈ నిజాన్ని రెండేళ్ల తర్వాత గానీ చెప్పదు.

గుడ్డ ఏమిటో తెలియాలంటే లోపలి కుట్టు దగ్గర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాలి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వేసి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి గుండుగా మారుతుంది. నూలుకు కాగితం కాలిన వాసన వస్తుంది. అమ్మేవాడిని అడిగి, కుప్పకు దూరంగా జరిగి చేయాలని చెప్పనక్కరలేదు. మన దేశంలో కుట్టిన పాత సూట్లలో ఎక్కువ భాగం టెర్రీవుల్, అంటే పాలియెస్టర్, ఉన్ని కలిపి నేసింది. చెమట పట్టిస్తుంది కానీ చావదు. పూర్తి ఉన్ని కావాలంటే లేబుల్ మీద 'సూపర్ 100', 'సూపర్ 120' అన్న అంకెలు చూడండి. అంకె పెరిగే కొద్దీ పోగు సన్నమవుతుంది. సూపర్ 100కు పోగు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు, సూపర్ 150కి 16.25. షోరూములో పెద్ద అంకె గొప్ప. ఒకరు వాడి వదిలేసిన బట్టలో మాత్రం నేను చిన్న అంకెనే ఎంచుకుంటాను, ఎందుకంటే సన్నని పోగు రాపిడికి ముందుగా అరుగుతుంది.

అమ్మేవాళ్లు విదేశీ లేబుల్ చూపించి ధర పెంచుతారు. 'మూటలో వచ్చింది సార్, ఫారిన్' అంటారు. పాత బట్టలను మన దేశంలోకి స్వేచ్ఛగా దిగుమతి చేసుకోనివ్వరు, లైసెన్సు కావాలి. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలంలోని యూనిట్లు విదేశీ పాత బట్టలను వేరుచేసి తిరిగి ఎగుమతి చేస్తాయి. ముక్కలు చేసిన ఉన్ని బట్టలు పానిపట్ చేరి, రంగుల వారీగా విడిపోయి, మళ్లీ నూలుగా మారి కంబళ్లవుతాయి. ఇంత దారిలో ఎక్కడో జారి ఇక్కడికి వచ్చిన కోటుకు విదేశీ పేరు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. అక్కడి చవక దుకాణాల కోట్లూ అదే మూటలో వస్తాయి. నేను నమ్మే విదేశీ గుర్తు ఒకటే, హారిస్ ట్వీడ్ అనే దళసరి ఉన్ని గుడ్డ మీద వేసే గోళం గుర్తు. 1910లో నమోదైన ముద్ర అది. 1993లో బ్రిటన్ చేసిన చట్టం ప్రకారం స్కాట్లండ్ పశ్చిమాన ఉన్న ద్వీపాలలో, నేతవాళ్ల ఇళ్లలోనే చేత్తో నేసిన గుడ్డకే ఆ పేరు చెల్లుతుంది. అలాంటి కోటు ఒకటి దొరికింది. నేత చూసి మురిసిపోయాను, తొడుక్కుని ఉడికిపోయాను. బెంగళూరు చలి దానికి చాలదు. ఢిల్లీలో ఉన్న మా బావ ఇప్పుడు దాన్ని జనవరిలో వేసుకుంటున్నాడు.

నా అనుభవంలో విదేశీ మూటల కంటే మన రిసెప్షన్ సూట్లే మేలు. పెళ్లికొడుకు దాన్ని ఒక్క రాత్రి తొడుక్కుంటాడు. ఏడాది తిరిగేసరికి పొట్ట వస్తుంది, సూటు అటక ఎక్కుతుంది. పదేళ్ల తర్వాత ఇల్లు మారేటప్పుడు ఇక్కడికి చేరుతుంది. మోచేతులు అరగవు, కాలరు మాయదు. చాలావాటికి మెరుపు ఎక్కువ, అవి వదిలేయాలి. మిగిలినవాటిలో జేబు లోపల దర్జీ లేబుల్ చూడండి. 1923 నుంచి ఉన్న పి.ఎన్. రావు లాంటి ఈ ఊరి పాత సూట్ల దుకాణం పేరు కనిపిస్తే ఆగి పరీక్షించండి. కొన్నిటిలో ప్యాంటు నడుముపట్టీ లోపల గుడ్డ అంచు మిగిలి ఉంటుంది, దాని మీద మిల్లు పేరు నేసి ఉంటుంది. లేబుల్‌ను విప్పి ఇంకోదానికి కుట్టవచ్చు, నేసిన అంచును ఎవరూ మార్చలేరు.

ప్యాంట్ల విషయంలో దర్జీ కుట్టినదానికీ రెడీమేడ్‌కూ ఉన్న తేడా వెనక కుట్టులో తెలుస్తుంది. మన దర్జీలు అక్కడ అంగుళంన్నర, రెండు అంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదులుతారు, నడుము పెంచుకోవచ్చు. రెడీమేడ్ ప్యాంటులో అర అంగుళం కూడా ఉండదు. కూర్చునే చోట గుడ్డ నున్నగా మెరుస్తుంటే, తొడల మధ్య పలుచబడితే కొనవద్దు.

చొక్కా ఎందుకు వద్దంటున్నానంటే అది ఒంటికి నేరుగా తగిలే బట్ట. చెమటా, చంకలకు రాసుకునే వాటిలోని అల్యూమినియం లవణాలూ కలిసి పసుపు మరక వేస్తాయి, బ్లీచింగ్ చేస్తే అది ఇంకా ముదురుతుంది. కాలరు మడత దగ్గర పోగులు లేస్తాయి. కాలరు విప్పి తిరగేసి కుట్టే దర్జీలు ఇప్పటికీ ఉన్నారు, కానీ ఆ కూలికి ఇంకొంచెం కలిపితే కొత్త చొక్కా వస్తుంది. ముత్యపు చిప్ప గుండీలు ఉన్న చొక్కా దొరికితే గుండీల కోసం కొంటాను. చెంపకు ఆనిస్తే చల్లగా ఉంటాయి, ప్లాస్టిక్ అలా ఉండదు. బూట్లు నేను కొనను. లోపలి తోలు ఇంకొకరి పాదం ఆకారానికి ఒదిగిపోయి ఉంటుంది.

ఇంట్లో మా అమ్మకు ఈ వ్యవహారం నచ్చలేదు. "ఎవరు కట్టి విడిచిందో, ఆ మనిషి ఉన్నాడో లేడో" అని ఆమె బాధ. చివరికి ఒప్పందం కుదిరింది: కోటు గడప దాటకముందే డ్రై క్లీనింగ్‌కు వెళ్లాలి. ఆమె మైల కోసం పెట్టిన నియమం నల్లులకూ చిమ్మట పురుగులకూ సరిగ్గా సరిపోయింది. చిమ్మట పిల్లపురుగులు ఉన్నిని తింటాయి, ఒక్క కోటుతో వచ్చి బీరువా అంతా పాడుచేయగలవు. కొనేటప్పుడు వెలుతురుకు పట్టి చిల్లులు వెతకాలి. ఒకటి రెండు ఉంటే రఫూ చేయించవచ్చు. కలరా ఉండల వాసన గురించి భయపడనక్కరలేదు. అవి గాలిలో కలిసిపోయే పదార్థం, నీడలో గాలి తగిలేలా వారం వేలాడదీస్తే పోతుంది. బూజు వాసన మాత్రం పోలేదు, ఎన్ని చేసినా పోలేదు. వానాకాలంలో కొనేటప్పుడు ముక్కును నమ్మండి.

ధరలు చెప్పమంటే, కుప్పలోని కోటు మూడు నాలుగు వందల నుంచి మొదలవుతుంది. డ్రై క్లీనింగ్, ఆల్టరేషన్ కలిపితే దానికి రెట్టింపు ఖర్చు. కాబట్టి బజారులో వంద తగ్గించుకోవడానికి అరగంట వాదించడం కంటే ఆ అరగంట కుట్లు చూడటం లాభం. నవంబరులో చలి, పెళ్లిళ్లు కలిసి వచ్చి అమ్మేవాళ్లు ధర దిగరు. ఏప్రిల్, మే నెలల ఎండలో ఉన్ని కోటు ముట్టుకునేవాడు ఉండడు. అప్పుడు వెళ్లండి, పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి.